చీటీ అడగని నూకాలవ్వ

అనగనగా, నువ్వుచేలు విరగబూసే ఒక దేశంలో తిలపురమనే పట్టణం ఉండేది. తెల్లవారితే చాలు, వీధివీధినా గానుగలు కిర్రుమనేవి. ఆ ఊళ్ళో పన్ను కూడా నూనెలోనే కట్టేవారు. ఏడాదిలో ఎన్ని కుండల నూనె ఆడిస్తే అందులో పదోవంతు రాజుగారికి.

ఒక ఏడు రాజుగారు చాటింపు వేయించారు.

"సత్రానికి గాని, వైద్యశాలకు గాని, పురిటింటికి గాని దానమిచ్చిన నూనె మీద పన్ను లేదు. దాన్ని తీసేసి, మిగిలినదాంట్లోనే పదోవంతు కట్టండి. అయితే పుచ్చుకున్నవారి ముద్ర వేసిన చీటీ తీసుకురండి!"

ఇందులో తెలియనిదేముంది, పిల్లలూ? ఏమీ లేదు. కానీ ఎవరికి కావలసినంత వాళ్ళు విన్నారు. పెద్దవాళ్ళు అంతే!

పన్ను కట్టే రోజు వచ్చింది. అధికారి సోమన కచేరీ అరుగు మీద కూర్చున్నాడు. ముందుగా వల్లభుడనే నూనె వ్యాపారి మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"అయ్యా, నేను రెండు వందల కుండలు ఆడించాను. పన్ను ఇరవై. సత్రానికి ఇరవై ఇచ్చేశాను, ఇదిగో చీటీ. చెల్లుకు చెల్లు! ఇక నేను వెళ్ళొస్తాను."

సోమన నవ్వాడు. "ఆగవయ్యా! తీసేయమన్నది పన్నులోంచి కాదు, ఆడించినదాంట్లోంచి. రెండు వందల్లో ఇరవై తీసేస్తే నూట ఎనభై. దానికి పదోవంతు పద్దెనిమిది. అవి దింపి వెళ్ళు."

"ఇరవై కుండలిస్తే రెండేనా తగ్గేది!"

"దానం నువ్వు చేశావా, రాజుగారి చేత చేయిద్దామనుకున్నావా?"

వల్లభుడు పద్దెనిమిది కుండలూ దింపించాడు.

తర్వాత మాచన అనే భూస్వామి వచ్చాడు. అతనూ సత్రానికి పది కుండలు ఇచ్చినట్టు చీటీ చూపించాడు. సోమన దాన్ని వెనక్కి తిప్పి చూశాడు. "పది కుండలకు బదులుగా మాచనగారి అమ్మాయి పెళ్ళికి నెల్లాళ్ళు విడిది" అని రాసి ఉంది.

"ఆ విడిదికి అద్దె ఎనిమిది కుండలవుతుంది మాచనగారూ. మీరు ఇచ్చిన దానం రెండే."

మాచన మొహం గంటు పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

మూడోది నూకాలవ్వ. ఆమెకున్నది ఒక్క గానుగ, దాన్ని తిప్పడానికి ఒక్క నల్ల ఎద్దు. గానుగలో నలిగి ఆమె కుడి బొటనవేలు కొక్కెంలా వంకర పోయింది.

"నూరు కుండలు ఆడించాను బాబూ. ఇరవై పురిటింటికి ఇచ్చాను. ఎనభైకి ఎనిమిది తెచ్చాను. మిగిలింది తిండికే అమ్మేశాను, ఇంట్లో ఇంక చుక్క లేదు."

"చీటీ ఏదవ్వా?"

అవ్వ తల వంచుకుంది. దిక్కులేని ఆడవాళ్ళు పురుడు పోసుకునే ఇల్లది. వాళ్ళ పసిబిడ్డల ఒంటికి రాయడానికి నెలనెలా కుండలు మోసుకెళ్ళి, ఎవరూ లేవకముందే గడపలో పెట్టి వచ్చేసేది. తనవని తెలియకుండా కుండల మీది సున్నపు గుర్తు కూడా తుడిచేసేది.

"ఇచ్చి చీటీ అడిగితే అది దానమెలా అవుతుంది బాబూ? అమ్ముకున్నట్టు కాదూ?"

సోమనకు ఆమె మాట నమ్మాలనే ఉంది. కానీ ఒకరికి నోటిమాట చాలంటే రేపు ఊరంతా నోటిమాటే తెస్తుంది. "మూడు రోజులు గడువిస్తున్నాను. చీటీ తెస్తే సరి. లేదా ఇంకో రెండు కుండలు కట్టాలి. రెండూ కాకపోతే ఎద్దును ఇక్కడ కట్టేసి వెళ్ళాలి అవ్వా" అన్నాడు.

ఎద్దు లేకపోతే గానుగ తిరగదు. గానుగ తిరగకపోతే అవ్వకు తిండి లేదు, పసిబిడ్డలకు నూనె లేదు.

మొదటి రోజు అవ్వ పురిటింటి దాకా వెళ్ళింది. లోపల ఎవరో తల్లి జోల పాడుతోంది. నోరు రాక వెనక్కి తిరిగింది.

రెండో రోజు గడప దాటింది. ఆ ఇంటిని నడిపే మంత్రసాని అంకమ్మ ఎదురొచ్చి, "ఎండన పడి వచ్చావు, కూర్చో అవ్వా" అని మజ్జిగ ముంత అందించింది. అవ్వ గటగటా తాగి, "ఊరికే వచ్చానమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె తాగుతున్నంతసేపూ అంకమ్మ మాత్రం ముంత చుట్టూ ఉన్న ఆ వంకర బొటనవేలినే చూసింది.

మూడో రోజు అవ్వ ఎద్దుకు నీళ్ళు పోసి, కొమ్ములకు పసుపు రాసి, గంగడోలు నిమిరి కచేరీకి తోలుకొచ్చింది. పలుపు సోమన చేతికి ఇవ్వబోయింది.

"ఆగండయ్యా!"

అంకమ్మ! ఆమె వెనుక చంకల్లో పిల్లలతో తల్లులు. తలల మీద ఇరవై కుండలు.

అంకమ్మ ఒక ఎండిన మట్టి మూతను సోమన ముందు పెట్టింది. "అవ్వ ఎద్దు సంగతి ఊళ్ళో విని వచ్చాం. మాకు వచ్చిన ప్రతి కుండకీ మూతిని మట్టితో మూసి, వేలితో ఒత్తి ఉండేది. ఆ వేలిముద్ర చూడండి. ఇప్పుడు అవ్వ వేలు చూడండి."

అవ్వ సున్నపు గుర్తును తుడిచింది గాని, మట్టి మీద తన వంకర వేలు పడిందని ఆమెకు తట్టనే లేదు! సోమన తడిమట్టి తెప్పించి ఒత్తించాడు. రెండు ముద్రలూ ఒక్కటే.

"మరి ఈ కుండలు ఇంత బరువుగా ఉన్నాయేం?" అని అడిగాడు సోమన.

"కుండ ఎవరిదైనా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదయ్యా. ఎవరికివ్వాలో తెలియలేదు. అందుకే బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్ళే ప్రతి తల్లీ గుప్పెడు నువ్వులు వేసి వెళ్ళింది. వేసీ వేసీ ఇరవై కుండలూ నిండిపోయాయి."

తన బాకీ కుండలు దింపడానికి వచ్చిన మాచన ఇక ఊరుకోలేకపోయాడు. "అదిగో! ఈవిడకూ ముట్టింది కదా ప్రతిఫలం? నాకు కోసినట్టు ఈవిడకూ కోయండి!"

"మాచనగారూ, మీరు ఇవ్వకముందే అడిగి పుచ్చుకున్నారు. అది బేరం. ఈమె అడగలేదు, వాళ్ళంతట వాళ్ళే తెచ్చారు. ఇది కృతజ్ఞత. దీన్ని తూచే తక్కెడ రాజుగారి దగ్గర లేదు."

అంకమ్మ అక్కడికక్కడే చీటీ రాయించి ముద్ర వేసింది. సోమన ఎనిమిది కుండలే తీసుకుని, పలుపు అవ్వ చేతిలో పెట్టాడు.

అవ్వ కళ్ళు తుడుచుకుంది. "నా పేరు చెప్పుకోవడం తప్పనుకున్నానమ్మా."

అంకమ్మ ఆమె చేతులు పట్టుకుంది. "తప్పు కాదవ్వా. ఏడాది పొడుగునా నీకు దండం పెట్టుకోవాలని చూశాం. ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. ఆ మాత్రం భాగ్యం మాకు ఇవ్వవా?"

ఒక తల్లి తన బిడ్డను తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది. అవ్వ ఆ చీటీని మడిచి కొంగున ముడి వేసుకుంది. ఆ సాయంత్రమే నల్ల ఎద్దు మళ్ళీ గానుగ చుట్టూ తిరిగింది. ఆ ఇరవై కుండల నువ్వులూ నూనె అయ్యాయి. ఆ నూనె ఎక్కడికి వెళ్ళిందో మీరే చెప్పండి! ఈసారి మాత్రం అవ్వ పట్టపగలే తీసుకెళ్ళింది, కుండకు సున్నపు గుర్తు ఉంచి మరీ.

నీతి: ప్రతిఫలం కోరకుండా ఇవ్వాలి, కానీ ఇచ్చిన చేతిని దాచుకోకూడదు, పుచ్చుకున్నవారి కృతజ్ఞతకూ ఒక దారి ఉండాలి.