మేకపోతుగారి దిగ్విజయ యాత్ర

గోనగుంట రాజు ఎర్రభూపతికి మేకపిల్లలు కావాలి. ఒకటీ రెండూ కాదు, మంద మొత్తం ఒకేసారి ఈనాలి.

పక్క రాజ్యపు రాజు విందులో కూర్చుని తన మేకల గురించి గొప్పలు చెప్పుకుంటుంటే ఎర్రభూపతి వినలేకపోయాడు. మా మేకలన్నీ కలిసికట్టుగా ఈనుతాయి, కార్తీకంలో వచ్చి చూసుకోండని అనేశాడు. ఆయన సరే, వస్తానన్నాడు. ఎర్రభూపతి ఇంటికొచ్చి చూస్తే మందలో ఒక్క మేకైనా చూలు కట్టలేదు.

మందల అధికారి దండపాణిని పిలిపించాడు. దండపాణికి తన మీసాలంటే ఎంత గర్వమో, తాను తెప్పించిన మేకపోతు గజేంద్రుడంటే అంత గర్వం. కొమ్ములకు వెండి తొడుగులు, మెడలో గంటలు వేయించి దాన్ని ఏడాది పొడుగునా మంద మధ్యలోనే తిప్పేవాడు. అది పక్కకు వచ్చి ఎంత మూతి రాసినా మేకలు మేత మీంచి తలెత్తేవి కావు.

లోపం పోతులో లేదనీ, మేకలే గొడ్డుబోయాయనీ దండపాణి తేల్చేశాడు. వాటిని వంటశాలకు తోలి, కాపర్లను వెళ్ళగొట్టి, తన బావమరిది దగ్గర కొత్త మంద కొంటే సరిపోతుందన్నాడు. రాజు తలూపబోయాడు.

పక్కనే తాంబూలం అందిస్తున్న పేరమ్మ ఇదంతా వింటోంది. చిన్నతనమంతా అమ్మమ్మగారింట మేకల మధ్యే గడిపిన మనిషి. జబ్బు ఎక్కడుందో ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ దండపాణిది తప్పని నోరు జారినవాళ్ళు ఇప్పుడు గుర్రాలకు గడ్డి కోస్తున్నారు. అందుకని పొగడ్త అందుకుంది.

"ప్రభూ, గజేంద్రుడంతటి వీరుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం మనదే తప్పు. దిగ్విజయ యాత్రకు పంపండి. తిరిగొచ్చాక మేకలు తలెత్తకపోతే అప్పుడు చూద్దాం."

రాజుకు ఈ మాట తమాషాగా తోచింది. మేకలు ఈనకపోతే మాత్రం కాపర్లతో పాటు నువ్వూ ఊరు దాటాలి సుమా అన్నాడు. అయినా పేరమ్మ ఒప్పుకుంది.

యాత్రకు సేనాపతి ఎవరని దండపాణి అడిగాడు.

"గజేంద్రుడి వెంట నడవడానికి మీకన్నా తగినవారు ఇంకెవరున్నారు దండపాణిగారూ?"

దండపాణి మీసం దువ్వుకున్నాడు.

వైశాఖంలో డప్పులతో, గొడుగుతో ఊరేగింపు బయల్దేరింది. ముందు పోతు, వెనక దండపాణి. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు అంతుపట్టలేదు. మందలోని మిగతా పోతుల్ని కూడా పేరమ్మ పరివారమని చెప్పి వెంట పంపేసింది. అరుపు వినపడనంత, వాసన గాలికైనా రానంత దూరంలో, కొండ అవతలి కోటలో బస ఏర్పాటు చేయించింది.

ఆ నెల పైచిలుకు పేరమ్మకు కంటిమీద కునుకు లేదు. రోజూ దొడ్డికి వెళ్ళి మేకల్ని తడిమి చూసుకునేది. ఇదివరకు మేకలకని కొట్టులోంచి బయల్దేరి దారిలోనే మాయమయ్యే ఉలవలు ఇప్పుడు నేరుగా తొట్లలో పడుతున్నాయి. డొక్కలెండిన మేకలు నున్నగా తేలాయి.

మృగశిర చినుకులు పడుతుండగా యాత్ర తిరిగొచ్చింది. గంటల చప్పుడు కన్నా ముందు గాలి మీద పోతుల కంపు వచ్చింది. మేకలన్నీ ఒక్కసారిగా మేత వదిలేసి తలలెత్తాయి. తోకలు టపటపలాడించాయి. వాటి అరుపులకు సభలో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఆ పక్షం తిరక్కుండానే మందంతా ఎదకొచ్చింది. గజేంద్రుడికి తిండి తినే తీరిక లేక పరివారం కూడా పూనుకోవాల్సి వచ్చింది.

ఇదేం చిత్రమని రాజు పేరమ్మను చాటుగా అడిగాడు. ఆమె ఆకుకు సున్నం రాస్తూ చెప్పింది.

"ప్రభువులు నెలల తరబడి అంతఃపురంలోనే ఉంటే రాణిగారు పచ్చీసు ఆట మీంచి తలెత్తరు. వేట నుంచి వస్తున్నారని కబురు రాగానే జడలో పూలు మారుస్తారు. మేకలూ అంతే."

రాజు దగ్గి, తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు.

కార్తీకంలో పక్క రాజు వచ్చేసరికి దొడ్డి నిండా మేకపిల్లలు గెంతుతున్నాయి. ఆయన ముఖం వాడిపోయింది. ఈ ఘనత ఎవరిదని అడిగాడు. దండపాణి ముందుకొచ్చి తాను దాటిన వాగులూ ఎక్కిన కొండలూ వర్ణించాడు. రాజు పేరమ్మ వైపు తిరిగి, నువ్వేమంటావన్నాడు.

"ఘనత దండపాణిగారిదే ప్రభూ. పోతును తీసుకెళ్ళారు గనక మేకలు ఎదకొచ్చాయి. ఆయనా వెళ్ళారు గనక మేకల ఉలవలు మేకలే తిన్నాయి."

ముందుగా పక్క రాజే పడీ పడీ నవ్వాడు. ఎర్రభూపతి నవ్వుతూనే మెడలోని ముత్యాల దండ తీసి పేరమ్మకిచ్చి, మందల అధికారం ఆమెకు అప్పగించాడు. దండపాణినీ మరిచిపోలేదు. ఏటా వైశాఖంలో మేకపోతుల వెంట యాత్రకు వెళ్ళే సేనాపతి పదవి బతికినంత కాలం ఆయనకే రాసిచ్చాడు.