నూకాలు ప్రశ్న

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అప్పలసూరి దొడ్లో గడ్డివామి సగానికి తరిగిపోయింది. ఎక్కువ తినేవాళ్ల వాటా కోసేద్దామని దొడ్డికి పెద్దయిన డేగపుంజు తీర్మానించింది. ఎవరెంత తింటారో కనుక్కొనే పని గాడిద నూకాలుకి అప్పజెప్పింది. నూకాలు మొన్నటిదాకా రేవులో బట్టల మూటలు మోసి, ఈమధ్యే దొడ్డికి వచ్చింది. తన పనికి ఒకరు వంక పెట్టడమంటే దానికి అస్సలు గిట్టదు.

"రోజూ ఎంతసేపు నములుతారు?" అని అందర్నీ అడిగింది.

కొత్తగా ఈనిన గేదె ముత్యాలు ఉన్నదున్నట్టు చెప్పింది. "పొద్దున్నా, మధ్యాహ్నం, చీకటి పడ్డాకా నములుతూనే ఉంటానప్పా."

"నేనా? నాలుగు పరకలు కొరికేంతసేపు" అంది మేకపోతు, గడ్డం ఊపుతూ.

"అయితే ముత్యాలు వాటాకే కోత!" అని పుంజు రెక్కలు కొట్టింది.

ముత్యాలు తన దూడకు అడ్డంగా జరిగింది. "మేత తగ్గితే పాలెండిపోతాయి. నా దూడ ఏమైపోవాలి?"

నూకాలు అడ్డొచ్చింది. "ఆగండి. రేవులో మూటెత్తే ముందు తాడు గట్టిదో కాదో లాగి చూసేవాళ్లు. నా ప్రశ్ననీ లాగి చూడందే ఎవరి మేతా తియ్యనివ్వను."

మర్నాడు అదే ప్రశ్న మళ్లీ వేసింది. ముత్యాలు అదే జవాబు చెప్పింది.

"నిన్న చెప్పిందే" అంది మేకపోతు.

"ఏం చెప్పావు?"

"పొద్దున ఓసారి... కాదులే, సాయంత్రం కూడా కాస్త."

నూకాలు ఇద్దరికీ ఒంటికి తగ్గ మేత వేయించి ఎదురుగా నిలబడింది. మేకపోతు తన గడ్డి ఊడ్చేసి ముత్యాలు మేతలో మూతి పెట్టబోయింది. ముత్యాలు ముందు గడ్డి ఇంకా మిగిలే ఉంది, నోరు మాత్రం ఆడుతోంది.

"గడ్డి ముట్టకుండా ఏం నములుతున్నావే?"

"పొద్దున తిన్నదే అప్పా. నెమరేస్తున్నా."

గాడిదలకు నెమరు లేదు. మింగితే ఇక అంతే. నమిలినంతసేపూ మేస్తున్నట్టు కాదని, తప్పు తన ప్రశ్నలోనే ఉందని నూకాలుకి అర్థమైంది. సిగ్గుతో చితికిపోతుందనుకున్నారంతా. అది తలెత్తి, తనూ దవడలాడిస్తున్న మేకపోతు వైపు తిరిగింది.

"నీకూ నెమరుందిగా! నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరడిగారు?"

"ఇప్పుడడుగుతున్నా. వామిలోంచి రోజూ ఎంత లాగుతున్నావు?"

మేకపోతు వామికి తను పెట్టిన కన్నాన్ని ఒంటితో కప్పబోయి దొరికిపోయింది. కోత దాని వాటాకే పడింది.

సాయంత్రం దూడ పొదుగు కుమ్ముతుంటే నూకాలు ఊరంతా వినపడేలా ఓండ్రపెట్టింది. "నా ప్రశ్నలో తప్పు నేనే పట్టాను!" ఆ గొంతు ఎంత కర్ణకఠోరమైనా, ఆ పూట అలా అరిచే హక్కు దానికుంది.

నీతి: ఎదుటివారి జవాబును బట్టి తీర్పు చెప్పేముందు మన ప్రశ్నను పరీక్షించుకోవాలి.