హుస్సేనప్ప ఎంచిన బండి

పత్తికొండలో పాత మోటారు సైకిళ్లు కొని అమ్మే హుస్సేనప్ప ఆ గురువారం కూడా దర్గాకు వచ్చాడు. కానీ లోపలికి పోలేదు. చెప్పులు విడిచి గడప బయటే కూచున్నాడు.

దర్గా పక్కన రేకుల గదిలో నబీసాబు ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఒంట్లో సత్తువ తగ్గాక ఈ దర్గా చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఆయన ఉపదేశం చెప్పగా విన్నవాళ్లెవరూ లేరు. అయినా హుస్సేనప్పకు ఆయనే గురువు. పెళ్లికాక ముందు నుంచీ గురువారం గురువారం అంగడి నుంచి నడిచి వచ్చి, వాకిలి ఊడ్చి, ఊదు వేసి, ఆయన దగ్గర కాసేపు కూచుని పోతాడు.

"లోపలికి రాలేదేం?" అన్నాడు నబీసాబు.

"ఒక మాట అడగాల సామీ. అడిగినాకనే వస్తా."

ముసలాయన వచ్చి పక్కన కూచున్నాడు.

హుస్సేనప్ప తల వంచుకుని చెప్పుకొచ్చాడు.

గుండ్లకొత్తపల్లె నుంచి ఓబులేసు అనే పిల్లగాడు బండి కోసం వచ్చాడు. కొత్తగా పెళ్లయినవాడు. టమాటా మండీలో కాటా వేసే పని. తెల్లవారుజామునే మండీకి చేరాలి, ఆ వేళకు ఆ ఊరి నుంచి బస్సు లేదు. బండ్లన్నీ చూసి ఒకటి నచ్చిందన్నాడు. నచ్చినాక అడిగాడు.

"అన్నా, దీనికి వారంటీ ఏమన్నా ఉంటుందా? పెద్ద షాపులోళ్లు పాత బండికి గూడ రాసిస్తారంట."

"ఆ షాపు రేటు నువ్వు పెట్టగలవా?" అన్నాడు హుస్సేనప్ప. "ఇక్కడ ఉన్నదున్నట్టు. నడిపి చూసుకో. బాగుంటే తీస్కో. గేటు దాటినాక నాకు సంబంధం లేదు."

ఓబులేసు రోడ్డు చివరిదాకా నడిపి తిరిగొచ్చాడు. ఉన్నదున్నట్టు కొంటున్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. బండికి నిమ్మకాయ కట్టుకుని పోయాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. హ్యాండిలు ఎడమకు గుంజుతోంది, ఒకసారి చూడన్నా అన్నాడు. హుస్సేనప్ప సొరుగులోంచి కాగితం తీసి చూపించాడు. ఆ పిల్లగాడు దాన్ని చదివాడు. "సరేలేన్నా" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పోయిన వారం భార్యను వెనక కూచోబెట్టుకుని వస్తుంటే, రోడ్డు దిగుడులో బండి ముందుభాగం విరిగి ఊడిపోయింది. ఓబులేసు అక్కడికక్కడే పోయాడు. ఆ అమ్మాయికి తుంటి విరిగింది.

"పోలీసులు వచ్చి కాగితాలు చూసినారు. అన్నీ సక్రమంగా ఉండాయన్నారు. నేను దొంగబండి అమ్మలేదు సామీ. గ్యారంటీ లేదని ముందే చెప్పినా. చదువుకున్నోడే, చూసుకునే సంతకం పెట్టినాడు." హుస్సేనప్ప గొంతు తగ్గించాడు. "పైవాని దగ్గర ఇది నా మీదికి వస్తుందా?"

నబీసాబు గడప ఆనుకుని లేచాడు.

"ఆ పిల్ల యాడుంది?"

"ఊరికి తీసుకొచ్చినారంట. మంచం మీదుంది."

"నన్ను ఆడికి తీసుకపో."

హుస్సేనప్ప మొహం మాడిపోయింది. "నేనొస్తే బాగుండదు సామీ."

"నిన్ను రమ్మన్లేదు. నన్ను తీసుకపొమ్మంటి."

ఇద్దరూ అంగడి దాకా నడిచారు. అంగడంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. పొద్దున్నే కడిగి తుడిచిన బండ్లు వరసగా నిలబడి ఎండకు మెరుస్తున్నాయి.

"ఇంట్లో నా బండి ఉంది సామీ, పోయి తెస్తా" అన్నాడు హుస్సేనప్ప.

"అంత దూరమెందుకు? ఇవి బండ్లు కావా?"

హుస్సేనప్ప తాళాల గుత్తి తీశాడు. ముందు వరసలోని ఎర్రబండిని దాటాడు. దాని పక్కదాన్ని దాటాడు. నల్లరంగు బండి దగ్గర ఆగనైనా ఆగలేదు. వరస చివర, గోడ వారన మెరుపే లేని పాత బండి ఒకటి ఉంటే దాన్ని బయటికి లాగాడు. కింద కూచుని చక్రం తిప్పి చూశాడు. బ్రేకు నొక్కాడు. హ్యాండిలు పట్టుకుని గట్టిగా ఊపాడు. ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి హ్యాండిలును మోసే ఛాసీ మెడ తడిమాడు. లేచి, సీటు మీది దుమ్ము తన భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"కూచో సామీ."

నబీసాబు కూచోలేదు. "ఆ ఎర్రది బాగుంది కదా. అది వద్దా?"

"దానికి వెనక బ్రేకు నిలవదు సామీ."

"పక్కది?"

"దాని ఇంజను ఎప్పుడు పట్టేస్తుందో తెలీదు. పొగ కనపడకుండా చిక్కని ఆయిలు పోసి పెట్టినా."

"నల్లది?"

హుస్సేనప్ప తుడిచిన సీటునే మళ్లీ తుడిచాడు.

"అది యాక్సిడెంటులో పడ్డ బండి" అన్నాడు చివరికి. తర్వాత, ముసలాయన అడక్కుండానే అన్నాడు. "ఆ పిల్లగానిది గూడ పడ్డ బండే సామీ. మెడ దగ్గర పగిలి నా దగ్గరికొచ్చింది. అతుకేయించి పైన రంగు కొట్టించినా."

నబీసాబు అతని భుజం పట్టుకుని మెల్లగా బండెక్కాడు.

"నా చేత సంతకం పెట్టించుకోలేదే" అన్నాడు. "పద."

దారంతా వెనక కూచున్న మనిషి బరువే తెలియడం లేదు. రెండు వైపులా టమాటా చేలు. దిగుడు దగ్గర రోడ్డు మీద పగిలిన అద్దం పెంకులు ఇంకా ఉన్నాయి. అక్కడ బండి దానంతట అదే నెమ్మదించింది.

గుండ్లకొత్తపల్లెలో ఇంటి ముందు అరుగు మీద ఆ అమ్మాయి తండ్రి ఈరన్న కూచుని ఉన్నాడు. నబీసాబును చూసి లేచి నమస్కారం పెట్టాడు. దర్గా తాతగా ఆయన ఆ పక్క ఊళ్లన్నిటికీ తెలుసు. బండి దగ్గరున్న హుస్సేనప్పను గుర్తుపట్టి ఈరన్న దవడ బిగుసుకుంది.

"ఈయనెందుకొచ్చినాడు తాతా?"

"నన్ను తీసుకొచ్చినాడు."

ఈరన్న చెంబుతో నీళ్లు ఇచ్చాడు. నబీసాబు రెండు గుక్కలు తాగి చెంబు హుస్సేనప్ప చేతికిచ్చి లోపలికి పోయాడు. మంచం పక్కన నేల మీద కూచున్నాడు. ఆ అమ్మాయి, సుంకులమ్మ, వెల్లకిలా పడుకుని ఉంది. ఇరవై ఏళ్లు కూడా ఉన్నట్టు లేవు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం. ముసలాయన ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు.

కాసేపటికి ఆమె గుమ్మం వైపు చూసింది. నీళ్ల చెంబుతో నిలబడ్డ హుస్సేనప్ప కనపడ్డాడు.

"బండి అమ్మిన అన్నవి నువ్వే కదా?"

"ఊఁ."

"హ్యాండిలు గుంజుతాందని నీ కాడికొచ్చె కదా. ఆ పొద్దు ఇంటికొచ్చినాక నేను కోప్పడితిని. ఇంకెవురికన్నా చూపియ్యమంటిని." ఆమె గొంతు మెల్లగా, అలిసిపోయినట్టుగా ఉంది. "ఆయనేమన్నాడంటే, అన్న మంచోడే, బండిలో ఏమన్నా ఉంటే చెప్పకుండా ఉంటాడా, మన రోడ్డే బాగలేదు అన్నాడు."

ఆమె హుస్సేనప్ప మొహంలోకి చూసింది.

"నీకు తెలీదు కదన్నా?" అంది సుంకులమ్మ.

ఆ మాటలో నింద లేదు. తెలీదంటే నమ్మేట్టుగానే అడిగింది. హుస్సేనప్ప గురువు వైపు చూశాడు. నబీసాబు ఇటు చూడటం లేదు. ఆ అమ్మాయి నుదుటి మీదే ఆయన కళ్లు.

"తెలుసమ్మా" అన్నాడు హుస్సేనప్ప. "అతుకు నేనే వేయించినా. హ్యాండిలు గుంజుతాంది అన్నప్పుడే ఎందుకో తెలిసింది."

సుంకులమ్మ పక్కకు తిరగబోయింది. తుంటి కదలనివ్వలేదు. మొహం ఒక్కటే గోడవైపు తిప్పుకుంది.

ఈరన్న దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకుని హుస్సేనప్ప కళ్లు మూసుకున్నాడు. ఈరన్న అతని చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. వాకిట్లోకి పోయి, మిగిలిన నీళ్లు మట్టిలో పోసేశాడు.

"ఇంక పొండి" అన్నాడు.

ఊరు దాటాక హుస్సేనప్ప బండి ఆపేశాడు. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. నబీసాబు దిగి ఎదురుగా నిలబడ్డాడు. ఎండ మాడిపోతోంది. చేలల్లో మనిషి లేడు.

"క్షమించమని అడగలేకపోయినా సామీ" అన్నాడు హుస్సేనప్ప. "నోరు రాలేదు."

"మంచిది" అన్నాడు నబీసాబు. "మొగుడు పోయిన ఆ పిల్ల దగ్గర ఇంకొకటి గూడ తీసుకోకుండా వచ్చినావు."