మోకాలెత్తు సైన్యం

ఆషాఢ శుద్ధ సప్తమి, బుధవారం, పొద్దు పొడిచి మూడు ఘడియలైన వేళ. ఆ రాజ్యం పేరు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు గానీ, ఆ రోజునూ ఆ వేళనూ మాత్రం పెద్దలు మరిచిపోకుండా చెప్పుకుంటూ వచ్చారు. సరిగ్గా ఆ వేళకే నూకాలు నెత్తిన చేపల బుట్టతో నేరుగా రాజసభలోకి నడిచింది. సభలో పెద్దలంతా ఉత్తరీయాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

రాజుగారి పేరు దిగ్విజయ భూపతి. గెలిచిన దిక్కు ఒక్కటీ లేదు గానీ, ఆయన బిరుదులు చదివే భటుడు మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది.

ఊరి పక్కనున్న మొగలికొలనులో పట్టే చేపల్లో పదో బుట్ట రాజుగారిది. ఆ బుట్టలు పెరగాలని రెండేళ్ళ కిందట ఆయనొక ఆజ్ఞ వేశాడు. నాలుగు వేళ్ళు దూరే కన్నున్న వలలు ఇక పనికిరావు, చిటికెన వేలు దూరేంత కన్నే ఉండాలి. మొదటి ఏడాది బుట్టలు మూడింతలయ్యాయి. రాజుగారు మీసం దువ్వుకున్నారు. రెండో ఏడాది సగానికి పడిపోయాయి. దానికి మందుగా, చిటికెన వేలు కూడా దూరని వలలు అల్లమని మరో ఆజ్ఞ సిద్ధమవుతోంది.

నూకాలు బుట్ట దించింది. అందులో చేపలన్నీ వేపాకంత ఉన్నాయి.

“మారాజా, ఇవి చేపలు కావు, చేపల బిడ్డలు. ఈ బుట్టెడూ కలిపి ఎదిగిన ఒక్క బొచ్చె చేప ధర పలకడం లేదు. నా ముగ్గురు పిల్లలకూ కూడు పెట్టేది ఆ కొలనే. కొత్త వల దిగిందంటే వచ్చే ఏటికి అందులో నీళ్ళే ఉంటాయి. పాత కన్ను మళ్ళీ ఇప్పించండి బాబూ.”

“సరే, నీ ఒక్క ఇంటికి మినహాయింపు ఇస్తున్నాను. పెద్ద కన్ను వలే వేసుకో” అన్నాడు రాజు, తన ఉదారతకు తానే మురిసిపోతూ.

“నేను వదిలిన పిల్ల చేప పక్క పడవవాడి వలలో పడుతుంది కదా బాబూ. పుణ్యం నాకూ, పులుసు ఆయనకూ. అందరికీ ఒకటే కన్నుంటేనే అది బతికేది. అందుకే తమ ముద్ర కోసం వచ్చాను.”

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారికి అది నచ్చలేదు.

“పాలనంటే చేపలమ్ముకోవడం కాదు. మూడో నాడు పొరుగు రాజ్యం దూత వస్తున్నాడు. నా సైన్యం మూడు వందలు. ఆ వేళకు దాన్ని రెట్టింపు చేసి చూపించు, నీ మాట వింటాను. చేయలేకపోయావా, నీ ఇంటిల్లిపాదీ కొలను వదిలి పోవాలి.”

నూకాలు లోపల గంగమ్మను తలుచుకుంది. తరువాత నెమ్మదిగా, “సైనికుల్ని ఎంచే కర్ర నా చేతికిప్పిస్తారా?” అని అడిగింది.

ఆ రాజ్యంలో రెండు గుంజల మీద ఒక అడ్డకర్ర ఉండేది. దాని కింద నడిచేటప్పుడు తల తగిలినవాడు సైనికుడు, తగలనివాడు ఇంటికి.

“పట్టుకుపో” అన్నాడు రాజు.

మూడో నాడు రాజూ, దూతా, సేనాపతీ మైదానానికి వచ్చారు. దూరం నుంచే గోల వినిపించింది. అది యుద్ధభేరి కాదు, ఏడుపు.

మైదానం నిండా పిల్లలు. కొందరు బెల్లంముక్క చప్పరిస్తున్నారు. ఒకడు డాలులో పడుకుని నిద్రపోతున్నాడు. ఇంకొకడు సేనాపతి కాలిని వాటేసుకుని విడవడం లేదు. తల్లులు చుట్టూ నిలబడి నవ్వుకుంటున్నారు.

“తొమ్మిది వందల పన్నెండు, మారాజా. కర్రను మోకాలెత్తుకు దించాను. ఊళ్ళో ఒక్క తల తప్పించుకోలేదు” అంది నూకాలు.

దూత గంభీరంగా అడిగాడు. “వీరిలో నడవగలిగినవారెందరు?”

రాజు ముఖం కందగడ్డయింది. నూకాలును ఏదో అనబోతూ, ముందు వరసలో కూర్చుని మట్టి తింటున్న ఒక సైనికుణ్ణి చూసి ఆగిపోయాడు. వాడు ఆయన ముద్దుల కొడుకు. రాణిగారే పంపించారు.

“వీడికి ఇంకా పళ్ళయినా నిండా రాలేదే” అంటూ రాజు పిల్లవాణ్ణి ఎత్తుకుని నోట్లో మట్టి తుడిచాడు. “వీణ్ణి వదిలిపెట్టు. ముందు ఎదగనీ.”

“ఆ మాట కోసమే బాబూ నేను వచ్చింది” అంది నూకాలు చేతులు జోడించి.

మంత్రి అడ్డుపడ్డాడు. “చేపకూ మనిషికీ పోలికేమిటి? చేప వేలకు వేలు గుడ్లు పెడుతుంది.”

“పెట్టే వయసు రావాలి కదయ్యా. మా వలల్లో పడుతున్నవి ఒక్కసారైనా గుడ్డు పెట్టినవి కావు.”

అప్పటికి యువరాజు తండ్రి మీసాన్ని రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడు. రాజు మొదట ముక్కుతో, ఆ తరువాత పొట్టంతా కదిలేలా నవ్వాడు. దూతా నవ్వాడు.

అక్కడికక్కడే ముద్ర పడింది. రాజుగారి పడవలతో సహా ఎవరి వలకైనా నాలుగు వేళ్ళ కన్నే. చేప గుడ్డు మీదుండే ఈ వానల రెండు నెలలూ కొలనులో అసలు వలే దించకూడదు. ఆ రెండు నెలలూ పల్లెకు రాజుగారి కొట్టు నుంచి బియ్యం.

“ఊరికే మేపాలా?” అని మంత్రి గొణిగాడు.

“రెండు నెలలు బియ్యమిస్తే మిగిలిన పది నెలలూ తమ పదో బుట్ట నిండుగా వస్తుందయ్యా. లేదంటే ఖాళీ బుట్టలో పదో వంతు తీసుకోవాలి” అంది నూకాలు. రాజు మళ్ళీ నవ్వి, ఆమెకు పట్టుచీర ఇచ్చి, వలల కన్ను చూసే అధికారం కూడా అప్పగించాడు.

మరునాడు తెల్లవారుతూనే నూకాలు మొగుడు కాసులు అలవాటు చొప్పున తెడ్డు భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళి, గుర్తొచ్చి, తిరిగొచ్చి మూలన పెట్టాడు. నూకాలు స్నానం చేసి గంగమ్మకు దీపం పెట్టి, వచ్చిన బియ్యంలో మొదటి దోసెడు వండి నైవేద్యం పెట్టింది. పెసరపప్పు చేసింది. చేప లేనిదే తనకు ముద్ద దిగదని పొద్దుటి నుంచీ సణుగుతున్న అత్తగారు ఆకు ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే మూడుసార్లు మారు వడ్డించుకుంది.