పొదలో పంది

తన పెద్ద విల్లు లాగలేనివాళ్లెవరూ అడవిలో వేటాడకూడదని పాళెగాడు చిన్నప్ప డప్పు కొట్టించి చాటించాడు. ముసలి వేటగాడు బయ్యన్న తన విల్లు పట్టుకుని కోటకొచ్చాడు.

"వయసు పెరిగిందని తేలిక విల్లు చేసుకున్నాను దొరా. ఇదీ వద్దంటే పస్తులే."

"ఆ పుల్లతో పంది చస్తుందా?" అంటూ పాళెగాడు తన వింట బాణం పెట్టి చెవిదాకా లాగి చూపించాడు.

"అలాగే ఉండండి దొరా. పంది ఇంకా పొదలోనే ఉందనుకోండి," అని బయ్యన్న కూడా విల్లు లాగి నిలబడ్డాడు.

కాసేపటికి పాళెగాడి చేతులు వణికాయి. "ఎప్పుడొస్తుందిరా నీ పంది?"

"దానిష్టం దొరా. తమ చాటింపు అది వినలేదు."

పాళెగాడి బాణం జారి, పక్కనున్న చాటింపు డప్పును చీల్చేసింది. అతను భుజం పట్టుకుని నవ్వేశాడు.

బయ్యన్న విల్లు మెల్లగా దించాడు. "పంది బతికిపోయింది దొరా. నేనూ బతికిపోయినట్టేనా?"