నానమ్మ పారబోసుకున్న నిద్ర

అనగనగా ఒక ఊళ్ళో, కన్నమ్మా, తాయారమ్మ అనే నానమ్మకి నిద్ర పట్టేది కాదు. పాలు తాగినా పట్టదు, అరికాళ్ళకి ఆముదం రాసుకున్నా పట్టదు. పగలంతా కళ్ళు మండి, పాపం, అయినదానికీ కానిదానికీ విసుక్కునేది. ఆమె మనవరాలు ఇందుమతికి నానమ్మంటే ప్రాణం. నానమ్మ హాయిగా నిద్రపోతే చాలు, ఆ పిల్లకి ఇంకేమీ అక్కర్లేదు.

అప్పుడు ఊటీలో ఉండే మేనత్త వస్తూ వస్తూ ఒక పొట్లం తెచ్చింది. "ఇవి లావెండర్ గింజలే ఇందూ! ఊదారంగు పూలు పూస్తాయి. వాటిని ఎండబెట్టి తలగడ కింద పెడితే, ఆ వాసనకి నిద్ర ముంచుకొస్తుంది" అంది. పూలు పూసేదాకా నానమ్మకి చెప్పకూడదనుకుంది ఇందుమతి.

మొదటిసారి చిక్కుడు గింజలు పాతినట్టు వేలెడు లోతున పాతింది. ఒక్కటీ మొలవలేదు. ఆ తర్వాత పైపైనే చల్లింది గానీ, దాహమేస్తుందేమోనని పూటకో చెంబుడు నీళ్ళు పోసింది. అతి సర్వత్ర వర్జయేత్ అని ఊరికే అన్నారా? అన్నీ కుళ్ళిపోయాయి. ఇక మిగిలింది చిటికెడు.

"చలి తగిలితే గానీ అవి లేవవే. తడిగుడ్డలో చుట్టి నెల్లాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టు" అంది మేనత్త ఫోన్‌లో. సరేనని పెట్టింది. రోజూ బడికెళ్ళే ముందు తలుపు తీసి ఒకసారి చూసుకునేది.

సరిగ్గా నెల నిండిన రోజున ఎండ చుర్రుమంది. నానమ్మకి షర్బత్ తాగాలనిపించింది. ఫ్రిజ్ తీస్తే గుడ్డలో నల్లటి గింజలు! "ఎవరో సబ్జా గింజలు తెచ్చారే!" అని సంబరపడి గ్లాసు నీళ్ళలో వేసింది. గంటయినా ఉబ్బలేదు. "అంతా నాసిరకం సరుకు" అని తిట్టుకుంటూ పెరట్లో ఇసుక కుప్ప మీద పారబోసింది.

బడి నుంచి వచ్చిన ఇందుమతి ఖాళీ గుడ్డ చూసి ఘొల్లుమంది. దాచిన మాటంతా బయటపడింది. నానమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో నా బంగారూ! నా నిద్ర నేనే పారబోసుకున్నానా?"

ఆ తర్వాత చూడాలి ఆవిడ కాపలా! ఇసుక మీదికి కోడిని రానివ్వలేదు, పిల్లిని రానివ్వలేదు, ఆఖరికి ప్రహరీ కట్టడానికొచ్చిన మేస్త్రీని కూడా రానివ్వలేదు. "గోడ తర్వాత నాయనా, ముందు నా నిద్ర" అంది. పొద్దున్నే ఇద్దరూ వేళ్ళతో నీళ్ళు చిలకరించేవారు. నీళ్ళు ఇసుకలోకి దిగిపోయేవి, గింజలు మాత్రం పైనే వెలుతురు చూసుకుంటూ పడుండేవి. పద్దెనిమిదో రోజున దారప్పోగుల్లాంటి పచ్చటి మొలకలు! ఇద్దరూ ఇసుక చుట్టూ గంతులేశారు. నానమ్మ మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయింది.

అప్పుడు మొక్కలు కుండీల్లోకి మారాయి. ఏడాది తిరిగేసరికి ఊదారంగు పూలు పూశాయి. ఇందుమతి వాటిని ఎండబెట్టి, పాత చీర ముక్కతో చిన్న సంచీ కుట్టి, నానమ్మ తలగడ కింద పెట్టింది. నానమ్మ పడుకుంది. ఒక్కసారి ఆవలించింది. అంతే, ఒళ్ళు తెలియని నిద్ర!

ఆ గురక ఉంది చూశావూ, ఇంటి పెంకులు లేచిపోయేట్టుంది! ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే తాతయ్య ఎర్రటి కళ్ళతో వచ్చి, "ఇందూ, మాక్కూడా తలా ఒక సంచీ కుట్టి పెట్టవే తల్లీ!" అన్నాడు.

కథేమో కంచికి,
పువ్వేమో సంచికి,
గురకేమో తాయారమ్మకి,
కునుకేమో నా కన్నమ్మకి!