దూలానికి పసుపు

పొడల మేకకు నెలలు నిండాయి, ఇంటికింకా కప్పు పడలేదు. వానలు తెచ్చే ఆరుద్ర కార్తె ఐదు రోజుల్లో ఉంది. పుట్టినప్పటి నుంచీ ఎవరెవరి చూరు కిందో తలదాచుకున్న ప్రాణి, బిడ్డనైనా సొంత కప్పు కింద కనాలని అడవి అంచున గోడలు లేపింది. ఎద్దు కలప లాగింది. వడ్రంగిపిట్ట దూలం చెక్కింది. రెల్లుగడ్డి కప్పే పనికి గిజిగాడు ఒప్పుకున్నాడు. ఇక దూలం ఎత్తి, కట్టినవాళ్ళకు విందు పెట్టడమే మిగిలింది.

విందులో బూరెలున్నాయన్న మాట వినబడగానే నక్క వచ్చింది.

"వదినా, నువ్వసలే ఒట్టి మనిషివి కాదు. విందు సంగతి నాకొదిలెయ్."

మేక మురిసిపోయింది. తన ఇంట పండగ నడిపిస్తానని ఒకరు రావడం అదే మొదటిసారి మరి.

సాయంత్రానికల్లా పిలుపులు వెళ్ళిపోయాయి. ముందు పంక్తిలో నక్క, దాని చుట్టాలు పన్నెండుమంది. పనివాళ్ళకు చివరి పంక్తి, అదీ బూరెలు మిగిలితే. ఇదేం పద్ధతని ఎద్దు అడిగితే, మట్టి కాళ్ళవాళ్ళు పెద్దల పక్కన కూర్చుంటే చూడ్డానికి బాగుండదంది నక్క.

ఎద్దు నెమరు వేసుకోవడంలో పడింది. గిజిగాడికి అంత ఓర్పు లేదు.

"పిన్నీ, చివరి పంక్తివాడు పనికి కూడా చివరికే వస్తాడు. ఆరుద్ర వెళ్ళాక కబురు పెట్టు."

పిలిచిన చుట్టాన్ని మేక పొమ్మనలేకపోయింది, పనివాణ్ణి పోనిస్తే బిడ్డ వానలో పుడుతుంది. అమాయకురాలే గానీ, పది చూరుల కింద బతికిన మేకకు పది ఇళ్ళ వాడుకలు తెలుసు. ఒక్క రోజు ఓపిక పట్టమని గిజిగాణ్ణి బతిమాలింది.

మర్నాడు పొద్దున్నే దూలానికి తడి పసుపు ముద్దగా పట్టించింది. ఎద్దు భుజానికెత్తుకుంది. పిట్టలు రెండూ తాళ్ళు లాగి దూలాన్ని గోడల మీద కుదురుగా కూర్చోబెట్టాయి. ముగ్గురి ఒళ్ళూ పసుపే. నక్కలు చెట్టు నీడన కూర్చుని, ఇంకా గట్టిగా లాగమని సలహాలిచ్చాయి.

విస్తళ్ళు పరిచాక మేక అందరూ వినేలా చెప్పింది.

"దూలం పసుపు ఒంటికి అంటినవాళ్ళదే మా ఇంట మొదటి పంక్తి."

నక్క చుట్టాలకేసి కన్నుగీటింది. మిగిలిన పసుపు గిన్నె గోడ వారనే ఉంది. రెప్పపాటులో పదమూడు నక్కలూ పచ్చపచ్చగా వచ్చి కూర్చున్నాయి.

గిజిగాడు ఎగాదిగా చూశాడు. "నక్క బావా, మేమంతా భుజాలతో ఎత్తాం. నువ్వు పొట్టతో ఎత్తావా?"

నక్క వినబడనట్టు నాలుగో బూరె అందుకుంది. మేక ఎవరినీ లేపలేదు సరికదా, ఇంకో గరిటెడు నెయ్యి వేసింది.

మూతులు తుడుచుకుని నక్కలు బయల్దేరబోతే, దడి వాకిట్లో ఎద్దు అడ్డంగా పడుకుని ఉంది.

"వాడుకలో రెండో సగం చెప్పడం మరిచాను మరిదీ," అంది మేక. "పసుపంటి మొదటి పంక్తిలో తిన్నవాళ్ళు కప్పు ముగిసేదాకా వాకిలి దాటకూడదు."

అసలు దూలం ముట్టనే లేదని చెప్పబోయింది నక్క. చుట్టుపక్కల జంతువులన్నీ చూస్తున్నాయి. తినేముందు ఎత్తాననీ, తిన్నాక ఎత్తలేదనీ చెప్పేంత నోరు నక్కకు కూడా లేదు.

నక్కలు రెల్లుమోపులు అందిస్తుంటే, గిజిగాడు పైన కూర్చుని, వదులుగా కట్టిన ప్రతి మోపునూ కిందికి తోసి మళ్ళీ కట్టమన్నాడు. ఐదు రోజుల పని మూడు రోజుల్లో ముగిసింది. ఆరుద్ర వచ్చి దంచి కొడుతుంటే, కప్పు కింద పొడల పిల్ల ఒక్క చుక్క తగలకుండా లేచి నిలబడింది. నక్క ఒంటి పసుపు మాత్రం చెట్టు కింద ఆ వానకే కొట్టుకుపోయింది.

మొదటి విస్తరి కావాలంటే మొదట భుజం ఇవ్వాలి.